మౌనవీరుడు జోయీ డన్‌లప్

2000వ సంవత్సరం జూలై 7వ తేదీన ఉత్తర ఐర్లండులోని గారీడఫ్ అనే పల్లెకు జనం ప్రవాహంలా తరలివచ్చారు. ఆ పల్లె చర్చి చిన్నది. వచ్చినవారు సుమారు 50,000 మంది. చర్చిలో చోటు చాలక వారు బాట పొడుగునా, పొలాల గట్ల వెంబడి నిలబడ్డారు. ఎందరో మోటారు సైకిళ్ల మీద దూరదేశాల నుండి వచ్చారు. ఆ దేశంలో ఏళ్ల తరబడి ఒకరినొకరు అనుమానంతో చూసుకొన్న రెండు మతశాఖలవారూ ఆనాడు పక్కపక్కనే తలలు వంచి నిలిచారు. వారు సాగనంపడానికి వచ్చినది ఏ రాజునో, మంత్రినో, మతాచార్యుణ్ణో కాదు. బాలీమనీ అనే చిన్న పట్టణంలో పానశాల నడుపుకొంటూ మోటారు సైకిళ్ల పందేలకు వెళ్లే ఒక సామాన్య గృహస్థును. అతని పేరు విలియం జోసెఫ్ డన్‌లప్. లోకానికి మాత్రం అతడు జోయీ.

పందేలలో గెలిచినవారు ప్రతి దేశంలోను ఉంటారు. గెలుపును చూసి జనం చప్పట్లు కొడతారు, కొంతకాలానికి మరచిపోతారు. జోయీని మాత్రం జనం తమ ఇంటివానిని ప్రేమించినట్లు ప్రేమించారు. అతనికి వక్తృత్వం లేదు. వేషభాషల ఆడంబరం లేదు. పత్రికలవారు కనబడితే తప్పుకొని పోయేవాడు. అటువంటివానికి ఇంతటి ఆదరం ఎట్లా లభించిందో తెలియాలంటే అతని జీవితాన్ని మొదటినుండి చూడాలి.

జోయీ 1952 ఫిబ్రవరి 25వ తేదీన ఆంట్రిం మండలంలోని డన్‌లాయ్ గ్రామ సమీపాన జన్మించాడు. తండ్రి మోటారు మెకానిక్కు. కలిమి లేని పెద్ద కుటుంబం. చిన్నతనంలోనే యంత్రాల నూనె వాసన అతనికి అలవాటయింది. బడి చదువు ముగిసిన తర్వాత యంత్రాలు బాగుచేసే పనిలో చేరాడు, కొంతకాలం లారీలు తోలాడు. ఒక ఇంజనును విప్పి, ప్రతి భాగాన్నీ చేతితో తడిమి, దాని లోపమేమిటో కనిపెట్టి తిరిగి బిగించడంలో అతనికి గొప్ప నేర్పు ఉండేది. తర్వాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధి పొందినా ఈ అలవాటు మానలేదు. తాను ఎక్కబోయే బండిని తన చేతులతో సిద్ధం చేసుకొంటే తప్ప అతనికి తృప్తి కలిగేది కాదు.

1969లో మగాబెరీ అనే చోట జరిగిన పందెంలో అతడు తొలిసారిగా పాల్గొన్నాడు. నాడు అతని వాహనం ట్రయంఫ్ టైగర్ కబ్ అనే చిన్న బండి. ఐర్లండులో ఈ పందేల తీరు వేరు. వాటికోసం ప్రత్యేకంగా కట్టిన మైదానాలు ఉండవు. మామూలు రోజుల్లో పాలబండ్లు, ట్రాక్టర్లు తిరిగే పల్లెబాటలనే ఆ పూటకు మూసివేసి పందేలు నడుపుతారు. బాటకు ఇరువైపులా రాతిగోడలు, ముళ్లకంపలు, తంతిస్తంభాలు ఉంటాయి. చక్రం జానెడు పక్కకు జరిగితే తగిలేది గోడకే. బహుమానపు సొమ్ము స్వల్పం. అయినా ఆ ప్రాంతపు యువకులకు ఆ పందేలంటే ప్రాణం.

జోయీకి ఆ రోజుల్లో ముగ్గురు సహచరులు ఉండేవారు. ఒకరు సోదరుడు జిం. మరొకరు మెర్విన్ రాబిన్‌సన్, జోయీ తోబుట్టువును పెండ్లాడినవాడు. ఇంకొకరు మిత్రుడు ఫ్రాంక్ కెన్నెడీ. ఆర్మాయ్ గ్రామం పేరిట జనం ఈ నలుగురినీ ఆర్మాయ్ అర్మడా అని పిలిచారు. అర్మడా అంటే యుద్ధనౌకల దండు. వారు ఒకరి పనిముట్లు ఒకరు వాడుకొనేవారు, ఒకరి బండిని మరొకరు బాగుచేసేవారు, పందెంలో మాత్రం ఒకరికొకరు తావిచ్చేవారు కారు.

ఆ కాలం ఉత్తర ఐర్లండుకు చీకటికాలం. 1960ల చివర చెలరేగిన కలహాలు ముప్పై ఏళ్లపాటు సాగాయి. ప్రొటెస్టెంట్ల పేటలు వేరు, కాథలిక్కుల పేటలు వేరు. బాంబులు, తుపాకులు నిత్యకృత్యమయ్యాయి. సుమారు 3,500 మంది ప్రాణాలు కోల్పోయారు. పేరు చెప్పగానే మతం తెలిసిపోతుందని మనుష్యులు పేరు చెప్పడానికే జంకిన రోజులవి. అటువంటి దేశంలో పందెపుబాట గట్టు మాత్రం అందరికీ ఉమ్మడిగా మిగిలింది. జోయీ పుట్టుకచేత ప్రొటెస్టెంటు. కాని అతడు బాట మీద కనబడితే జయధ్వానం చేసినవారిలో రెండు శాఖలవారూ ఉండేవారు. అతడు సామరస్యం గురించి ఏనాడూ ఉపన్యసించలేదు. మనిషిని మతం అడగక పలకరించేవాడు, అంతే. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

జోయీ కీర్తికి రంగస్థలం మాన్ ద్వీపం. ఇంగ్లండుకు, ఐర్లండుకు నడిమి సముద్రంలో ఉన్న ఈ చిన్న దీవికి సొంత శాసనసభ కలదు. ఇరువదవ శతాబ్ది ఆరంభంలో బ్రిటనులో మోటారు వాహనాలు గంటకు ఇరవై మైళ్లకు మించి పోరాదన్న నియమం ఉండేది, పందేలకోసం రోడ్లు మూయడానికి చట్టం ఒప్పుకొనేది కాదు. మాన్ శాసనసభ అందుకు అనుమతించింది. అందుచేత 1907లో అక్కడ టూరిస్ట్ ట్రోఫీ పేరిట మోటారు సైకిళ్ల పందేలు మొదలయ్యాయి. 1911 నుండి కొండబాట వాడుకలోకి వచ్చింది. నేటి కొండబాట ఒక చుట్టు సుమారు 60 కిలోమీటర్లు. అందులో మలుపులు 200కు పైబడి ఉన్నాయి. ఊళ్ల నడుమ ఇళ్ల గోడలను రాసుకొంటూ సాగి, స్నేఫెల్ కొండ మీదికెక్కి, పొగమంచులో నుండి మళ్లీ దిగుతుంది. పోటీదారులు అందరూ ఒకేసారి బయలుదేరరు. ఒకరి తర్వాత ఒకరు పది సెకన్ల తేడాతో బయలుదేరుతారు. కనుక ఎదుట ఉన్నవానితో కంటె గడియారంతోనే పోరాటం ఎక్కువ. ఒక్కొక్క మలుపునూ, ఒక్కొక్క గతుకునూ కంఠస్థం చేసినవానికే అక్కడ గెలుపు. ఆ బాట ఎందరి ప్రాణాలనో బలిగొన్నది.

జోయీ 1976లో తొలిసారిగా ఆ దీవిలో పోటీ చేశాడు. మరుసటి ఏడు, 1977లో, రాణి పాలన రజతోత్సవం పేరిట పెట్టిన పందెంలో యమహా బండి మీద మొదటి విజయం సాధించాడు. అయినా అతని మనస్సును గట్టిపరచినది గెలుపు కాదు, దుఃఖం. 1979లో నార్త్ వెస్ట్ 200 అనే ఐరిష్ పందెంలో ఫ్రాంక్ కెన్నెడీకి తీవ్రమైన గాయాలు తగిలాయి. కొన్ని నెలలకు అతడు మరణించాడు. మరుసటి ఏడు అదే పందెంలో మెర్విన్ రాబిన్‌సన్ మరణించాడు. నలుగురిలో ఇద్దరు పోయారు. జోయీ పందేలు మానివేయాలని తలపోశాడు. కాని కొద్దిరోజులకే మాన్ ద్వీపంలో అతడు మళ్లీ బండి ఎక్కాడు.

ఆ 1980 పందెం నేటికీ అక్కడివారు చెప్పుకొనే కథ. అతని ఎదుట ఉన్నది హోండా కంపెనీ పంపిన దళం. అతని బండి యమహా, దానికి అమర్చినది చాలా పెద్ద పెట్రోలు ట్యాంకు. పందెం మొదట్లోనే ట్యాంకును పట్టి ఉంచే పటకా తెగింది. ఆగితే పందెం పోతుంది. ఊగే ట్యాంకును మోకాళ్లతో అదిమి పట్టుకొని అతడు కొండ ఎక్కాడు, దిగాడు. గంటకు 115 మైళ్లకు మించిన వేగంతో ఒక చుట్టు పూర్తి చేసి రికార్డు స్థాపించాడు, పందెం గెలిచాడు. తాము ఓడిపోయిన ఆ యువకుణ్ణే హోండావారు 1981లో తమ దళంలోకి ఆహ్వానించారు. 1982 నుండి 1986 వరకు వరుసగా ఐదేళ్లు ఫార్ములా వన్ టూరిస్ట్ ట్రోఫీ ప్రపంచ విజేత పదవి అతనిదే అయింది. 1986లో బ్రిటిష్ ప్రభుత్వం అతనికి ఎం.బి.ఇ. బిరుదమిచ్చింది.

1985 మే నెలలో అతడు మాన్ ద్వీపానికి టోర్నమోనా అనే చేపలపడవ మీద బయలుదేరాడు. స్ట్రాంగ్‌ఫర్డ్ ఉప్పుకయ్య దాటక మునుపే పడవ మునిగింది. అందులోని వారందరినీ కాపాడారు. అట్లా నీటినుండి బయటపడినవాడు ఆ ఏడే మాన్ ద్వీపం చేరి మూడు పందేలు గెలిచాడు. 1988లో మళ్లీ మూడు గెలిచాడు. పసుపుపచ్చ హెల్మెట్టు, బండి ముందు 3వ నంబరు పలక కనబడితే చాలు, గట్టుమీది పిల్లలు సైతం అతడెవరో గుర్తించేవారు.

ఇంతటి పేరు వచ్చినా అతని నడవడి మారలేదు. పెద్ద కంపెనీ వేతనగాళ్లు ఖరీదైన హోటళ్లలో దిగితే, అతడు తన వ్యానులో పడుకొనేవాడు. గెలుపు పీఠం మీద నిలబడవలసివస్తే బిడియంతో ఒదిగి నిలుచునేవాడు. బాలీమనీలో రైలు స్టేషను దగ్గర ఉన్న పానశాలలో తన చేతులతోనే గ్లాసులు నింపి వచ్చినవారికి అందించేవాడు. భార్య, ఐదుగురు బిడ్డలు, పెరటి గ్యారేజి, ఇంతే అతని లోకం.

1989లో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్ మైదానంలో మరొకరి బండి వచ్చి ఢీకొనగా అతని కాలు విరిగింది. ఆ ఏడాది మాన్ ద్వీపానికి పోలేకపోయాడు. కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. పెద్ద బండ్లను అదుపులో పెట్టే బలం శరీరంలో తగ్గింది. అతని కాలం అయిపోయిందని అనేకులు తలచారు. జోయీ ఎవరితోను వాదించలేదు. బరువు తక్కువ గల 125 సి.సి. బండిని తీసుకొని, పాఠం మొదటినుండి నేర్చుకొనే విద్యార్థి వలె మళ్లీ ఆరంభించాడు. 1992లో ఆ చిన్న బండి మీద గెలిచి, సుప్రసిద్ధుడైన మైక్ హేల్‌వుడ్ సాధించిన 14 విజయాల సంఖ్యను అందుకొన్నాడు. 1993లో దానిని దాటాడు. 1998లో, పందేలకు కొద్దివారాల ముందు, వేరొకచోట పడి ఎముకలు విరిగి, వేలి కొస పోగొట్టుకొన్నాడు. ఆ స్థితిలోనే వాన కురుస్తూ ఉండగా 250 సి.సి. పందెం గెలిచాడు. అది అతని 23వ విజయం.

ఈ సంఖ్యలన్నీ పత్రికలలో వచ్చినవే. పత్రికలకు ఎక్కని యాత్రలు కొన్ని ఉన్నాయి. అతని జీవితంలో మిక్కిలి విలువైన భాగం అదే.

రుమేనియా దేశాన్ని పాలించిన చౌషెస్కూ జనాభా పెంచదలచి 1966లో గర్భస్రావాన్ని నిషేధించాడు. పోషించే శక్తిలేని కుటుంబాలలో పుట్టిన బిడ్డలు వేలకు వేలు ప్రభుత్వ అనాథాశ్రమాలలో చేరారు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలిపోయిన పిమ్మట ఆ ఆశ్రమాల తలుపులు తెరుచుకొన్నాయి. ఆకలితో, చలితో, పలకరించే దిక్కులేక పడిఉన్న పసివారి చిత్రాలు లోకమంతా చూసింది. చూసినవారు కోట్ల మంది. నిట్టూర్చినవారు లక్షల మంది. జోయీ తన వ్యాను బయటికి తీశాడు.

పందెపు బండ్లు మోసే ఆ వ్యానులోనే తినుబండారాలు, దుస్తులు, పిల్లలకు కావలసిన వస్తువులు నింపుకొన్నాడు. ఓడ మీద సముద్రం దాటి, ఐరోపా ఖండం ఈ కొసనుండి ఆ కొస వరకు ఒంటరిగా తోలుకొంటూ రుమేనియా చేరి, అనాథాశ్రమాలలో వాటిని స్వయంగా అందించాడు. దారిలో వ్యానులోనే నిద్ర. ఒకసారి చేసి ఊరకుండలేదు. మళ్లీ మళ్లీ వెళ్లాడు. యుద్ధంతో చితికిన బోస్నియాకు, పేదరికంలో మునిగిన అల్బేనియాకు కూడ వెళ్లాడు. వెంట చిత్రగ్రాహకులు లేరు, విలేఖరులు లేరు. అయినా వార్త దాగలేదు. 1996లో ప్రభుత్వం అతనికి ఓ.బి.ఇ. బిరుదమిచ్చింది. మునుపటి బిరుదం పందేలకు వచ్చింది. ఇది రుమేనియా పిల్లలకు చేసిన సేవకు వచ్చింది.

సొమ్ము పంపితే సరిపోదా అని అడగవచ్చు. సొమ్ము పంపడం మంచిదే. కాని జోయీకి తెలిసిన విద్య ఒక్కటే, బండిని సిద్ధం చేసి గమ్యానికి చేర్చడం. తనకు తెలిసిన ఆ పనినే దిక్కులేని బిడ్డలకోసం చేశాడు. ఇంజను బిగించిన చేతులే రొట్టెల మూటలు మోశాయి. మాటల నేర్పు లేనివానికి దయ చూపడానికి మాటలు అవసరం కాలేదు.

2000వ సంవత్సరం జూన్ నెలలో జోయీ మళ్లీ మాన్ ద్వీపానికి వచ్చాడు. వయస్సు 48. పోటీదారులలో అనేకులు అతని బిడ్డల ఈడువారు. పెద్ద బండ్ల ఫార్ములా వన్ పందెంలో అతడు గెలిచి పన్నెండేళ్లు గడచిపోయాయి. ఆ వారంలో అతడు ఆ పందెం గెలిచాడు. 250 సి.సి. గెలిచాడు. 125 సి.సి. గెలిచాడు. దానితో మొత్తం విజయాలు 26 అయ్యాయి. చివరి పందెంలో మూడవ స్థానమే వచ్చినా, గంటకు 123.87 మైళ్ల సగటుతో తన జీవితంలోకెల్ల వేగమైన చుట్టును పూర్తిచేశాడు. మొదటి విజయానికి, చివరి విజయానికి నడుమ 23 సంవత్సరాలు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండునని తర్వాత తలచనివారు లేరు. కాని అతడు ఎప్పటివలెనే తన బండ్లు వ్యానులో ఎక్కించుకొని, పెద్దగా ఎవరికీ పట్టని ఒక చిన్న పందెంకోసం ఎస్టోనియా దేశపు రాజధాని టాలిన్ నగరానికి వెళ్లాడు. జూలై 2వ తేదీ. ఆ రోజు అతడు అప్పటికే రెండు పందేలు గెలిచాడు. మూడవది 125 సి.సి. పందెం. వాన పడి బాట తడిసి ఉంది. అతడే అందరికంటె ముందు ఉన్నాడు. పిరిటా అడవి నడుమ ఒక మలుపులో బండి జారి చెట్లకు కొట్టుకొన్నది. జోయీ అక్కడికక్కడే మరణించాడు.

అతని జీవితాన్ని విద్యార్థులకు చెప్పే ఉపాధ్యాయుడు ఈ ఘట్టం దగ్గర తడబడడం సహజం. ఐదుగురు బిడ్డల తండ్రి అంతటి ప్రమాదానికి ఎదురేగడం న్యాయమా? తన కళ్లయెదుటే మిత్రులను పోగొట్టుకొన్నవాడు ఎందుకు మానలేదు? ఆ ప్రశ్నకు తేలికైన సమాధానం లేదు, ఉన్నదని నటించడం తగదు. మృత్యువు ఆ ఇంటిని అంతటితో విడిచిపెట్టలేదు. తమ్ముడు రాబర్టు 2008లో నార్త్ వెస్ట్ 200 సాధన వేళ మరణించాడు. రాబర్టు కుమారుడు విలియం 2018లో ఐర్లండులోని మరొక పందెంలో మరణించాడు. రాబర్టు మరొక కుమారుడు మైకేల్ 2024లో మాన్ ద్వీపంలో పెదతండ్రి 26 విజయాల సంఖ్యను దాటాడు. ఒకే కుటుంబానికి ఇంత కీర్తి, ఇంత కన్నీరు ఒకే బాట ఇచ్చింది. ఆ కీర్తిని చెప్పేటప్పుడు ఈ కన్నీటిని దాచరాదు.

అయితే జోయీ మరణాన్ని కోరి వెళ్లినవాడు కాడు. తనకు తెలిసిన ఒక విద్యను తుదివరకు విడువలేనివాడు. ఆ విద్య అతనికి అహంకారం ఇవ్వలేదు. అది అతనికి ఒక వ్యానును, దూరాలు తోలే ఓర్పును, ఒంటరితనానికి వెరవని మనస్సును ఇచ్చింది. అవే రుమేనియా పిల్లలకు అన్నవస్త్రాలై చేరాయి. అనుకరించవలసినది అతని వేగాన్ని కాదని పిల్లలకు చెప్పవచ్చు. చేతనైన పనిని శ్రద్ధగా చేయడం, ఆ పనిని దిక్కులేనివారి వైపు మళ్లించడం, చేసినది చెప్పుకొనకపోవడం అనే మూడు గుణాలకు మాత్రం మోటారు సైకిలు అక్కరలేదు.

బాలీమనీలో అతని పేరిట ఒక స్మారక వనం వెలసింది. అందులో జోయీ విగ్రహం ఉంది. పక్కనే తమ్ముడు రాబర్టుకు వనం కట్టారు. టాలిన్ బాట పక్కన స్మారకం నిలిపారు. మాన్ ద్వీపంలో అతని పేరిట ఏర్పడిన సంస్థ వికలాంగులైన యాత్రికులకు అనువుగా వసతి కల్పించింది. కొండబాట మీద బంగళా అనే చోట మోటారు సైకిలు ఎక్కి కూర్చున్న అతని కంచువిగ్రహం దిగువ మలుపులను చూస్తూ ఉంటుంది. ఆ బాటలో 26వ మైలు దగ్గరి మలుపుకు జోయీ పేరు పెట్టారు.

పందేలు లేని దినాలలో ఆ బాట ఎప్పటి పల్లెబాటే. పాలబండ్లు, బడిపిల్లల బస్సులు 26వ మైలు మీదుగానే సాగిపోతాయి.